చివరి పదహారు పేజీలు

సోమవారం

ప్రియమైన చెల్లికి,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను. ఇవాళ అంత ప్రియమేమీ లేదు. ఫోన్ చేసి అరుద్దామనుకున్నాను గానీ, నేను అరవడం మొదలెట్టగానే నువ్వు ఫోను బల్ల మీద పెట్టేసి నీ పని చూసుకుంటావని నాకు తెలుసు. కాగితాన్నైతే చదవక తప్పదు. చదువు.

నా పన్నెండో నవల బయటికొచ్చి తొమ్మిది రోజులైంది. నిన్న పోస్టులో ఒక పొట్లం వచ్చింది. విప్పితే నా పుస్తకమే, నిలువునా రెండుగా చించి ఉంది. పంపినాయన రిటైరైన పోస్టుమాస్టరు, నా మొదటి నవల నుంచీ వదలకుండా చదువుతున్నాడట. లోపల చీటీ: "అయ్యా, నూట డెబ్బై ఆరు పేజీలు నన్ను హోటల్లో కూర్చోబెట్టి ఆరుగురి మీద అనుమానం పెట్టించారు. నూట డెబ్బై ఏడో పేజీలో తల లేని గుర్రపురౌతును తెచ్చి ఎడారిలో వదిలారు. ఇంతకీ హంతకుడెవరు? గుర్రమా?"

అచ్చై వచ్చిన నా పుస్తకం నేను తెరవనని నీకు తెలుసు. ఒక్క అచ్చుతప్పు కనబడితే వారం రోజులు తిండి సయించదు. అలాంటిది నిన్న తెరిచాను. ఇన్‌స్పెక్టరు ఆరుగురినీ హాల్లోకి పిలిచి తలుపు గడియ వేస్తాడు. పేజీ తిప్పితే ఎడారి! ఎముకల మధ్య గాలి ఈల వేస్తోంది. నల్లకోటు షెరీఫు సమాధి తవ్వుతున్నాడు. ఆ షెరీఫు నీ షెరీఫే. వచ్చే నెల రావలసిన నీ దయ్యాల కౌబాయ్ నవల చివరి పదహారు పేజీలు నా డిటెక్టివ్ నవలకి కుట్టి ఉన్నాయి. మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమంటే ఇదే.

రెండు పుస్తకాల ఫారాలూ ఒకే బల్ల మీద పెట్టుకుని బైండింగ్ చేసింది ఎవరు? మీ ఆయన. ఇరవై రెండేళ్ళ అనుభవం అని నువ్వు పదిమందిలో చెప్పుకునే మీ ఆయన. ఆ ముగింపుకి నాకు నాలుగేళ్ళు పట్టింది, చెల్లీ. మీ వదిన పోయాక నేను మళ్ళీ కలం పట్టింది ఆ ముగింపు కోసమే. దాన్ని ఆయన చెత్తబుట్టలో వేసి, దాని చోట చచ్చిన గుర్రాన్ని పడుకోబెట్టాడు.

పబ్లిషరుకి ఇవాళే రాశాను. అమ్ముడుపోని ప్రతి పుస్తకాన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. పేపర్లో మీ ఆయన సంతకంతో క్షమాపణ రావాలి. లేకపోతే ఆ బైండింగ్ షాపుకి ఇకమీదట ఒక్క పుస్తకం వెళ్ళినా నేను ఆ సంస్థకి రాయను. బంధుత్వం వేరు, పని వేరు.

కడుపు మండుతున్న
నీ అన్నయ్య

గురువారం

ప్రియమైన అన్నయ్యా,

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నువ్వు నా మీద పడ్డావు. సరే, ఇప్పుడు నా ఉరుము విను.

నీ ముగింపు పోయిందని ఏడుస్తున్నావు. నీదింకా ఎవరికీ తెలియదు. రేపు అచ్చు వేసుకోవచ్చు. నాది? నా నవల బయటికి రాకముందే దాని ముగింపు ఊరంతా చదివేసింది. నిన్న మా కళ్ళజోళ్ళ షాపులో ఒకావిడని చార్టు ముందు కూర్చోబెట్టాను. నాలుగో వరుస చదవమంటే, "మీ అన్నగారి నవల చదివానండీ, ఆ తల లేనివాడు షెరీఫు కన్నతండ్రేనటగా!" అంది. మూడేళ్ళు దాచుకున్న గుట్టు అది. నేను అద్దాలు మార్చాను. ఇంకొకతను మరీ ఘోరం. వచ్చే నెల నా పుస్తకం వస్తుందని చెబితే, "మీరూ అన్నగారి బాటలోనే గుర్రాలు రాస్తున్నారన్నమాట" అన్నాడు. గుర్రాలు నావి! నువ్వు జన్మలో ఒక్క గుర్రాన్ని రాశావా?

ఇక మీ బావ సంగతి. ఆయన పని నువ్వెప్పుడూ దగ్గరుండి చూడలేదు కాబట్టి చెబుతున్నాను. పదహారు పేజీల మడతని ఫారం అంటారని నీకు తెలుసు. ప్రతి ఫారం వీపునా చిన్న నల్లగీత ఉంటుంది, ఒక్కోదానికీ కాస్త కిందికి. వరసగా పేర్చితే మెట్లు దిగినట్టు కనిపించాలి. ఒక్క మెట్టు తప్పినా ఆయన మొత్తం విప్పుతాడు. మన రెండు నవలలూ ఒకే సైజు, రెండూ పన్నెండు ఫారాలే, చివరిది రెండింట్లోనూ నూట డెబ్బై ఏడో పేజీతోనే మొదలు. కాబట్టి మెట్లు సరిగ్గానే దిగి ఉంటాయి. అంతవరకు పొరపాటు జరగొచ్చని నేనూ ఒప్పుకుంటాను.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఆయనకి ఒక అలవాటు. పుస్తకం మొదలు ఎప్పుడూ చదవడు. చివరి ఫారం మాత్రం చదవకుండా సూదిలో దారం ఎక్కించడు. నిలబడే చదువుతాడు. "ఎటు వెళ్తుందో తెలియని పుస్తకాన్ని నేను కుట్టను" అంటాడు. అలాంటివాడు ఎలా పొరబడ్డావయ్యా అని అడిగితే, "పొరపాటైంది" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం రావడం లేదు. రెండు రోజులుగా అదే మాట. గోడని అడిగినా ఇంతకంటే ఎక్కువ చెప్పేది.

నీ మీదా ఆయన మీదా సమానంగా మండిపడుతున్న
చెల్లి

బుధవారం

ప్రియమైన చెల్లికి,

తిట్టినవాళ్ళని నేను భరించగలను. మెచ్చుకున్నవాళ్ళని భరించలేకపోతున్నాను.

ఒక పళ్ళడాక్టరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశాడు. హోటలంటే శరీరమట, ఆరుగురు అతిథులూ అయిదు ఇంద్రియాలూ మనసూ అట, తల లేని రౌతు అంటే అహంకారం తెగిపోవడమట. నేనెంత లోతైనవాణ్ణో ఇన్నాళ్ళూ నాకే తెలియలేదట. హాస్పిటల్ నర్సులు కొందరు కలిసి ఒకే కార్డు మీద సంతకాలు చేసి పంపారు. డ్యూటీ గదిలో ఈ ముగింపు మీద కొట్టుకున్నారట, ఒకమ్మాయి మూడు రోజులు స్టోరు గదిలోకి ఒంటరిగా వెళ్ళలేదట, ఇకమీదట మీరు దయ్యాలతోనే రాయండి అని సలహా. వీటన్నిటినీ మించింది ఒక స్కూలు టీచరమ్మ ఉత్తరం. "మీ గత నవలలన్నిటిలోనూ హంతకుణ్ణి నూరో పేజీ లోపే పట్టేశాను. ఈసారి మొదటిసారి ఓడిపోయాను. ఇన్నేళ్ళకి మీరు రచయిత అయ్యారు" అని రాసింది. ఇన్నేళ్ళకి! అదీ నేను రాయని పదహారు పేజీలకి!

తిట్లకీ కొదవ లేదులే. నిన్న పోస్టులో ఒక పొట్లం వచ్చింది. విప్పితే నా పుస్తకమే, నిలువునా రెండుగా చించి ఉంది. రిటైరైన పోస్టుమాస్టరట. హంతకుడెవరు, గుర్రమా అని అడిగాడు. ఎలా ఉందంటావు నా బతుకు?

పబ్లిషరు జవాబిచ్చాడు. నా ఒరిజినల్ చివరి ఫారాలన్నీ నీళ్ళు పడి తడిసిపోయాయని మీ ఆయన చెప్పాడట. ఎంత సౌకర్యంగా తడిశాయో! ఏ పైపు పగిలింది? మిగతా ఫారాల మీద ఒక్క చుక్క కూడా పడలేదేం? ఇది చేతకానితనం కాదు, చెల్లీ, కావాలని చేసిన పనేమోనని నాకు అనుమానం. భార్య నవలకి ముందే ప్రచారం కావాలనుకున్నాడేమో అడుగు.

ఒకటో తారీకు నుంచి సంస్థ పుస్తకాలన్నీ వేరే బైండింగ్ షాపుకి వెళ్తాయి. నేను అడిగిందే జరిగింది. సంతోషంగా లేదు, కానీ న్యాయం న్యాయమే.

నీ అన్నయ్య

శుక్రవారం

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నా నవల అమ్ముకోవడానికి మీ బావ నీ నవల పాడుచేశాడంటావా? ఆ మాట రాసిన చేత్తోనే చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించావు. పోస్టుమాస్టరు సంగతి మొదటి ఉత్తరంలోనే రాశావు. మళ్ళీ నిన్న జరిగినట్టు రాస్తావేం? కోపమొస్తే నీకు ఒకటే పాట, పదిసార్లు వాయిస్తావు.

సంస్థ పుస్తకాలు పోతే ఈ షాపులో మిగిలేవి కాలేజీ రికార్డు పుస్తకాలూ, చిరిగిన డిక్షనరీలూ. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే చేశావు.

క్షమాపణ కాగితం పబ్లిషరు మనిషి నిన్న తెచ్చాడు. "నా అజాగ్రత్త వల్ల, నా పనితనంలోని లోపం వల్ల" అని ఉంది. నేను అక్షరం వదలకుండా చదివాను. మీ బావ చదవను కూడా చదవలేదు. జిగురు అంటిన వేళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేశాడు. "నీ తప్పు కాదని ఒక్కసారి అనవయ్యా!" అని అరిచాను. "కాగితమే కదా" అన్నాడు. ఆ మనిషితో మాట్లాడటం మానేశాను. నీతో కూడా మానేస్తున్నాను. నీకు కావలసిన కాగితం నీకు దొరికింది, దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకో.

చెల్లి

మంగళవారం

ప్రియమైన చెల్లికి,

నువ్వు మాట్లాడనన్నావు. విననని అనలేదు.

పోస్టుమాస్టరు గురించి నేను ఒక్కసారే రాశాను. నువ్వే ఎవరి ఉత్తరమో దీనితో కలిపేసుకుంటున్నావు. దయ్యాలు రాసీ రాసీ నీకు చూపు మసకబారింది. కళ్ళజోళ్ళ షాపులోనే ఉన్నావు, ఒకసారి పరీక్ష చేయించుకో.

క్షమాపణ పేపర్లో వచ్చింది. చిన్న అక్షరాల్లో, మూలన వేశారు. చదివాక అనుకున్నంత తృప్తి కలగలేదు. ఎందుకో ఆయన గొంతు వినిపించినట్టయింది. పోనీలే.

అసలు విషయం అది కాదు. చివరి ఫారం మళ్ళీ అచ్చు వేయాలి కదా, ప్రూఫులు పంపించారు. నిన్న మధ్యాహ్నం కూర్చుని అక్షరం అక్షరం చూశాను. ఎంత బాగుందో చెప్పలేను! కోపంలో ఉన్నా చెబుతున్నాను, నేను ఇంతకంటే మంచిది రాయలేదు. ఆరుగురూ హాల్లో ఉంటారు. ఇన్‌స్పెక్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పింగాణీ ప్లేటు వదిలేస్తాడు. అందరూ ఉలిక్కిపడతారు. అందరితోపాటు, పుట్టుచెవిటి అని అందరూ నమ్మిన తోటమాలి కూడా! ఇలాంటిది ఎవరైనా రాశారా? ఇది నాకు ఒక ఉదయం కిటికీ దగ్గర నిలబడి ఉండగా తట్టింది. పైకి నవ్వేశాను. మీ వదిన ఉంటే పిలిచి చెప్పేవాణ్ణి.

వచ్చే వారం సరైన పుస్తకం బయటికి వస్తుంది. అప్పుడు ఆ టీచరమ్మ ఏమంటుందో చూస్తాను. ఒక కాపీ నీకూ పంపుతాను, చదివి కుళ్ళుకో.

నీ అన్నయ్య

సోమవారం

ప్రియమైన అన్నయ్యా,

దీంతోపాటు రెండు వస్తువులు పంపుతున్నాను. ఒకటి, నీ కొత్త నవల చివరి ఫారం. తడవలేదు. ఒక్కటి మాత్రం మిగిల్చి మిగతావి మీ బావే కత్తిరించేశాడు. రెండోది నీ మూడో నవల, లైట్‌హౌస్ కథ, పందొమ్మిదేళ్ళ కిందటిది. చివరి అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకో.

నీ మంగళవారం ఉత్తరం చదివి, మాట్లాడనన్న ఒట్టు మరిచిపోయి, మీ బావకి చదివి వినిపించాను. వెక్కిరించడానికే. చూశావా, తన రాత చూసుకుని తనే ఎలా మురిసిపోతున్నాడో అని. ప్లేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో మడత కింద పెట్టేశాడు. "ప్రూఫులు చదివాడా? చదివి కూడా బాగుందనే అన్నాడా?" అన్నాడు. ఆ తర్వాత బల్ల మీద తల పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

అన్నయ్యా, లైట్‌హౌస్ కథలో ప్లేటు ఉంది. చెవిటి వంటవాడు ఉన్నాడు. వంటవాడి బదులు తోటమాలి వచ్చాడు, అంతే. మొదటి పేజీ నుంచి చివరిదాకా వాక్యాలు కూడా అవే. ఆ పుస్తకాన్ని కుట్టింది మీ బావే. చివరి ఫారం చదివాడు కాబట్టి ఆయనకి గుర్తుంది. నాతో సహా మిగతావాళ్ళెవరికీ పట్టుబడలేదు. పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదు, అప్పటి పబ్లిషరు లేడు, అచ్చుకు ముందు ఒకరిది ఒకరం చదవకూడదని మనిద్దరం పెట్టుకున్న పాడు నియమం ఒకటి. వదిన ఉంటే మొదటి రోజే పట్టేసేది.

ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "చెబుదామనే మీ అన్నయ్య దగ్గరికెళ్ళా. గుమ్మం దాటకముందే, 'బావా, ఈసారి ముగింపు విను' అని మొదలెట్టాడు. చేతులు తిప్పుకుంటూ, ప్లేటు పడేసినట్టు చూపించి మరీ చెప్పాడు. ఇలాంటిది ఎవరూ రాయలేదు బావా అన్నాడు. ఏం చెప్పను? కాఫీ తాగి వచ్చేశా. ఫారం తడిసిందని ముందే అంటే మర్నాడే ఉన్నదున్నట్టు అచ్చేసేస్తారు. పుస్తకం బయటికెళ్ళి రచ్చ అయిందనుకో, కోపంతో తన చివరి అధ్యాయం తనే ముందేసుకుని చూసుకుంటాడు. చూసుకుంటే గుర్తొస్తుందనుకున్నా. బైండింగువాడు పొరబడితే నాలుగు రోజులు నవ్వుతారు. రాసేవాడు తన కథే తాను మరిచిపోయాడంటే ఇంక జీవితాంతం అదే చెప్పుకుంటారు."

ఇంత వంకర ప్లాను మనిద్దరి నవలల్లోనూ లేదు. నా ముగింపుని తగలేసినందుకు ఆయన్ని నేనింకా క్షమించలేదు. "నీదైతే మళ్ళీ రాసుకోగలవు" అన్నాడు.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. నువ్వు ఆయన్ని చేతకానివాడన్నావు, దొంగన్నావు. ఆయన పొట్ట మీద కొట్టావు. ఆయన నీ పరువు కాపాడుతుంటే నువ్వు ఆయన పరువు పేపర్లో పెట్టించావు. నీకు జబ్బేదో ఉందని భయంతో నాకు నిద్ర లేదు, అయినా నీ మీద కోపం మాత్రం ఇసుమంత తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకిప్పుడే తెలిసింది.

అచ్చు ఆపించు. వెంటనే.

నీ చెల్లి

గురువారం

ప్రియమైన చెల్లికి,

అచ్చు ఆపించాను.

నిజం చెప్పాలంటే, మొదట మీరిద్దరూ కలిసి నన్ను మోసం చేస్తున్నారనుకున్నాను. లైట్‌హౌస్ పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయించి పాత అట్ట తొడిగారనుకున్నాను. మీ ఆయనకి అది చిటికెలో పని. కాగితం వాసన చూశాను. లోపలి పేజీలో అప్పట్లో నీకిస్తూ మీ వదిన పెట్టిన సంతకం, తేదీ ఉన్నాయి. ఆమె చేతిరాతని మీరు సృష్టించలేరు. అప్పుడు స్కేలు పెట్టుకుని రెండూ పక్కపక్కన చదివాను. తేడా ఉన్నచోటల్లా ఎర్రగీత గీశాను. పదహారు పేజీల్లో తొమ్మిది గీతలు వచ్చాయి. తొమ్మిదీ తోటమాలి అన్న మాట కిందే.

నేను ఎవరినీ కాపీ కొట్టలేదు, చెల్లీ. అది నాకు తట్టింది. కిటికీ దగ్గర, నిజంగా తట్టింది. ఆ సంతోషం అబద్ధం కాదు. ఒకే సంతోషం నాకు రెండుసార్లు కలిగిందన్నమాట. దానికి నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు స్కేలుతో బల్లని కొట్టాను.

పబ్లిషరుకి రాశాను. బైండింగ్ పని ఎక్కడిదక్కడే ఉండాలని, తప్పు కుట్టినవాడిది కాదు, రాసినవాడిదని. పేపరుకి కూడా రాశాను. జరిగింది జరిగినట్టు, నా సంతకంతో. మూలన వేయొద్దన్నాను. ఆ టీచరమ్మ చదువుతుంది, పోస్టుమాస్టరు చదువుతాడు. చదవనీ.

బావ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. కాఫీ తాగి వెళ్ళిపోవడమేమిటి? నా మొహం మీద చెప్పాల్సింది. నన్ను చూసి జాలిపడే హక్కు ఆయనకెవరిచ్చారు? ఆ మాట ఆయనకి చెప్పు. ఆయన కాళ్ళు పట్టుకుంటానని కూడా చెప్పు. రెండూ చెప్పు.

నాకు ఒక్కటే కావాలి. మీరు మెత్తబడొద్దు. ఈ ఉత్తరం ఇంతకుముందే ఒకసారి రాశానేమో నాకు తెలియదు. రాసి ఉంటే, పాపం అని ఊరుకోకు. మళ్ళీ రాశావని తిట్టు. నువ్వు తిట్టడం మానేసిన రోజున నేను ఏ పేజీలో ఉన్నానో నాకు చెప్పేవాళ్ళుండరు.

నీ అన్నయ్య

మంగళవారం

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్న మళ్ళీ అందింది. ఇవాళ మూడోది వచ్చింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను, ఒక్క ఎర్రగీతకి కూడా చోటు లేదు.

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. బుద్ధి లేదా నీకు? ఒంటరిగా ఆ ఇంట్లో కూర్చుని స్టాంపులు అంటించుకుంటూ, ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్ళుందామని? కిందటేడు నన్ను చూడటానికి వస్తానని రాలేదు, రైలు తప్పిందన్నావు. ఇప్పుడు అర్థమవుతోంది ఏం తప్పిందో. అప్పుడే చెప్పి ఉంటే చచ్చేవాడివా? పొగరు. నిలువెల్లా పొగరు. చెప్పడం చేతకాక కాదు, నీ పొగరుకి భయపడి మీ బావ నీకు చెప్పలేకపోయాడు.

పేపర్లో నీ ఉత్తరం మొన్న వచ్చింది, ఒక్కసారే వచ్చింది, కంగారుపడకు. మీ బావ దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించడం లేదు. షాపుకి తాళం వేశాడు. రేపు బయల్దేరుతున్నాం, ఎల్లుండి పొద్దున్నే నీ గుమ్మంలో ఉంటాం. డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్తాడట, పక్కన నేను అరుస్తూ ఉంటానట, పని అలా పంచాడు.

ఇది రేపే నీకందేలా కొరియర్లో పంపుతున్నాను. గురువారం, అన్నయ్యా. పొద్దున ఏడింటికి. కాగితం మీద రాసి తలుపుకి అంటించుకో. మేము తలుపు కొట్టినప్పుడు తీసి, "ఎవరు కావాలండీ?" అన్నావంటే మాత్రం నేను ఊరుకోను.

నీ చెల్లి